ఇంజను కన్నా ముందు లెక్క

సొంతంగా ఒక చిన్న కారు తయారు చెయ్యాలంటే మొట్టమొదట ఏం కావాలి? ఈ ప్రశ్న మీ తరగతిలో వేసి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది "ఇంజను" అంటారు. పదోవాడు "పెద్ద ఇంజను" అంటాడు.

ఆ జవాబు సహజమే. కారులో చప్పుడు చేసేది ఇంజను, వేడెక్కేది ఇంజను, డబ్బు ఎక్కువ తినేది కూడా ఇంజనే. అందుచేత మన చూపు ముందు దానిమీదే పడుతుంది. కాని నా అభిప్రాయం వేరు. ఇంజనును ఎంచుకోవడం చివర్లో చెయ్యవలసిన పని. ముందు కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక కొలత టేపు, మీ భౌతికశాస్త్రం పాఠాల్లో ఉన్న నాలుగైదు సూత్రాలు. ఆ ఇంజనును చట్రానికి ఎలా బిగించాలన్నది దాని పరిమాణం కన్నా పెద్ద ప్రశ్న. ఎందుకంటున్నానో వివరిస్తాను. చదివి, లెక్కలు మీరే సరిచూసి, ఆ తరువాత ఒప్పుకోండి, లేదా కాదనండి.

తలుపు కొలవని ఫోర్డు

ఇంటి వెనక షెడ్డులో కారు తయారు చెయ్యాలన్న కోరిక కొత్తది కాదు. అసలు కార్ల చరిత్ర మొదలైందే అలా. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటు దరఖాస్తు పెట్టాడు. దాని ఇంజను ఒంటి సిలిండరుది. శక్తి ఒక్క హార్సుపవరు కూడా లేదు, ముప్పావే! అయినా అది నడిచింది.

పదేళ్ళ తరువాత, 1896 జూన్ 4న, అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో హెన్రీ ఫోర్డు తన మొదటి బండి పూర్తి చేశాడు. దాని బరువు సుమారు 225 కిలోలు. సైకిలు చక్రాల వంటి నాలుగు చక్రాలు, రెండు సిలిండర్ల ఇంజను, సుమారు 4 హార్సుపవర్ల శక్తి. ముందుకు పోవడానికి రెండు వేగాలున్నాయి. వెనక్కి పోవడానికి ఏర్పాటే లేదు. తీరా బండిని బయటికి తీయబోతే షెడ్డు తలుపు ఇరుకైపోయింది. గొడ్డలి తీసుకుని ఇటుక గోడ పగలగొట్టి బండిని రోడ్డెక్కించాడు.

ఈ కథ విని అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఇందులో ఒక పాఠం కనిపిస్తుంది. ఇంజను గురించి ఏళ్ళతరబడి ఆలోచించిన మనిషి తలుపు వెడల్పు కొలవలేదు. గోడ పగిలితే మళ్ళీ కట్టుకోవచ్చు. కాని ఇంజను బిగింపులో కొలత తప్పితే పగిలేది మనిషి ఎముక.

మన దగ్గరా ఇలాంటి ఉత్సాహవంతులు లేకపోలేదు. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకర్ అనే ఆయన బూటు ఆకారంలోనూ, క్రికెట్ బ్యాటు ఆకారంలోనూ నడిచే కార్లు తయారుచేసి 2010లో ఏకంగా ఒక మ్యూజియమే పెట్టారు. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది కూడా ఆయనే. ఇక నగరానికి పడమర, మొయినాబాదు మండలంలో అజీజ్‌నగర్, చిలుకూరు పరిసరాల్లో విద్యాజ్యోతి, కె.జి.రెడ్డి వంటి ఇంజనీరింగు కాలేజీలున్నాయి. రేపు మీలో కొందరు అటువంటి కాలేజీల వర్క్‌షాపుల్లో పానా చేతపట్టి నిలబడతారు. అందుకే ఈ నాలుగు మాటలు ఇప్పుడే చెప్పాలనిపించింది.

రోడ్డే ప్రయోగశాల

హైదరాబాదు నుంచి అప్పా కూడలి దాటి బీజాపూర్ వైపు పోయే రోడ్డుమీద మొదట మొయినాబాదు, ఆ తరువాత చేవెళ్ళ వస్తాయి. పెద్ద పెద్ద మర్రిచెట్లకు పేరుపొందిన రోడ్డు ఇది. కూరగాయలు, పూలు పండించే ఊళ్ళు చుట్టూ ఉన్నాయి. మీరు ఆ ప్రాంతంవారైతే ఒకరోజు మెకానిక్ షెడ్డు అరుగుమీదో, బస్టాండులోనో కూర్చుని వచ్చే పోయే బండ్లను పరీక్షగా చూడండి. వేరే ఊరివారైతే మీ ఊరి బస్టాండయినా సరిపోతుంది. ప్రతి బండినీ రెండు ప్రశ్నలు అడగండి: నీ ఇంజను ఎక్కడుంది? అది ఏ చక్రాలను తిప్పుతోంది?

ట్రాక్టరు చూడండి. ఇంజను ముందుంది. దాని వెనక క్లచ్, గేరుబాక్సు, ఇరుసు వరసగా బోల్టులతో బిగించి ఉంటాయి. చాలా ట్రాక్టర్లలో వీటి కింద వేరే చట్రమంటూ ఉండదు. ఆ ఇనుప పెట్టెలే బండికి వెన్నెముక. ట్రాక్టరుకు బరువు అవసరం కాబట్టి అది చెల్లింది. నాగలి లాగాలంటే చక్రాలు నేలను గట్టిగా పట్టుకోవాలి మరి.

పల్లెలకు తిరిగే ఆర్టీసీ బస్సుల్లో చాలావాటికి ఇంజను డ్రైవరు పక్కన ఉంటుంది. అక్కడనుంచి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు కింది నుంచి పోయి వెనక చక్రాలను తిప్పుతుంది. ప్రయాణికుల బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాలమీద పడుతుంది కాబట్టి వాటినే తిప్పడం లాభం.

మారుతి 800 కారు 1983లో వచ్చింది, 2014లో దాని తయారీ ఆగిపోయింది. పాతవి ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. దానిలో మూడు సిలిండర్ల ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలనే తిప్పుతుంది. పొడవాటి షాఫ్టు అక్కరలేదు, లోపల మనుషులకు చోటు మిగులుతుంది. ఈ ఉపాయాన్ని లోకానికి బాగా చాటింది 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు. అదే మారుతి కంపెనీ చేసిన ఓమ్నీ వ్యానులో అంతటి ఇంజనే ముందు సీట్ల కిందికి చేరి వెనక చక్రాలను తిప్పింది. ఇంజను పరిమాణం ఒకటే, పని వేరు, చోటు వేరు!

ఇక ఆటో. వెనక సీటు వెనకాల ఇంజను, క్లచ్, గేరుబాక్సు, డిఫరెన్షియల్ అన్నీ ఒకే కట్టగా ఉంటాయి. ఆ కట్టకు రెండువైపులా పొట్టి షాఫ్టులు వచ్చి చక్రాలను తిప్పుతాయి. ముందుకు నాలుగు గేర్లు, వెనక్కి ఒకటి.

ఈ పరిశీలనతో ఒక సంగతి తేలుతుంది. ఏ బండి తయారు చేసినవాడూ "ఒక మంచి ఇంజను ఉంది, దానికి బండి కడదాం" అనుకోలేదు. "ఈ పనికి ఎంత బలం కావాలి, ఆ బలం ఏ చక్రాలకు చేరాలి" అని ముందు అడిగాడు. మనం కూడా అలాగే అడుగుదాం.

ఎంత శక్తి కావాలి?

మన ఊహాకారు బరువు 240 కిలోలు, నడిపేవాడు 60 కిలోలు, మొత్తం 300 కిలోలనుకుందాం. లెక్క సులువుగా ఉండడానికి గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుందాం. అప్పుడు దాని భారం 3000 న్యూటన్లు.

తారురోడ్డుమీద టైర్లు దొర్లడానికి అడ్డుపడే బలం భారంలో నూటికి రెండు వంతులు ఉంటుందనుకోండి. అంటే 60 న్యూటన్లు. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతే ఇటువంటి బండికి గాలి అడ్డు సుమారు 120 న్యూటన్లు. మొత్తం 180 న్యూటన్లు. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుందని మీకు తెలుసు. 180ని 15తో గుణిస్తే 2700 వాట్లు. గేర్లలో, గొలుసుల్లో, బేరింగుల్లో అయిదో వంతు పోతుందని చూసుకున్నా ఇంజను ఇవ్వవలసింది 3400 వాట్లకు లోపే. ఒక హార్సుపవరు 746 వాట్లు. అంటే నాలుగున్నర హార్సుపవర్లు చాలు!

మట్టిదారిలో పదికి ఒకటి ఎత్తు ఉన్న గట్టు ఎక్కాలంటేనో? మట్టిలో దొర్లుడు అడ్డు 150 న్యూటన్లు, ఎత్తుకు 300 న్యూటన్లు, మొత్తం 450. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 5 మీటర్లతో ఎక్కితే 2250 వాట్లు. నష్టాలు కలిపినా నాలుగు హార్సుపవర్లు దాటదు. 10 హార్సుపవర్ల ఇంజను ఉంటే సగానికి పైగా మిగులే.

"మరి గంటకు 108 కిలోమీటర్లు పోవాలంటే?" అని పదోవాడు అడుగుతాడు. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. 480కి 60 కలిపితే 540 న్యూటన్లు. దాన్ని సెకనుకు 30 మీటర్లతో గుణిస్తే 16,200 వాట్లు. వేగం రెండింతలు, కావలసిన శక్తి ఆరింతలు! నష్టాలతో కలిపి 27 హార్సుపవర్లు. అంత శక్తికి బరువైన ఇంజను కావాలి. దాన్ని మొయ్యడానికి లావైన గొట్టాల చట్రం కావాలి. గతిశక్తి నాలుగింతలు కాబట్టి బ్రేకులు నాలుగింతల పని చెయ్యాలి. ఒక్క కోరిక మిగతా భాగాలన్నిటినీ పెంచేస్తుంది. ఇంట్లో చేసిన వెల్డింగు ఆ భారాన్ని మోస్తుందా?

నేల ఒప్పుకోవాలి కదా

పెద్ద ఇంజను కావాలనేవారికి ఇంకో లెక్క చూపిస్తాను. 10 హార్సుపవర్ల ఇంజను నిమిషానికి 3600 సార్లు తిరుగుతుంటే దాని బలభ్రామకం సుమారు 20 న్యూటన్ మీటర్లు. మెకానిక్కులు దీన్ని టార్కు అంటారు. మన కారు చక్రం వ్యాసం అర మీటరు. గంటకు 18 కిలోమీటర్లు పోతున్నప్పుడు అది నిమిషానికి 191 సార్లు తిరుగుతుంది. అంటే ఇంజను 19 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరగాలి. ఇదే మొదటి గేరు నిష్పత్తి. గేర్లు వేగాన్ని 19 వంతులకు తగ్గిస్తే టార్కును 19 రెట్లు పెంచుతాయి. 380 న్యూటన్ మీటర్లు! నష్టం పోగా చక్రం దగ్గర 304. చక్రం వ్యాసార్ధం పావు మీటరు కనుక నేలను వెనక్కి తోసే బలం 1216 న్యూటన్లు.

ఇప్పుడు నేల మాట వినండి. కారు బరువులో 180 కిలోలు వెనక చక్రాలమీద ఉన్నాయనుకుందాం. మట్టిమీద ఘర్షణ గుణకం 0.6 అయితే టైరు పట్టు 1800లో 0.6 వంతు, అంటే 1080 న్యూటన్లే. మన చిన్న ఇంజను 1216 ఇవ్వగలదు, నేల 1080కే ఒప్పుకుంటుంది! అంతకు మించితే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగి మట్టి లేపుతుంది. ఇక ఎన్ని హార్సుపవర్లు కలిపినా ఆ గట్టు దగ్గర లాభం లేదు. అందుకే ఇంజను పరిమాణం కన్నా గేరు నిష్పత్తి, ఇరుసుమీద బరువు ముఖ్యమంటాను.

ఈ సంగతి తెలిసే కాబోలు, కాలేజీ విద్యార్థుల బండ్ల పోటీల్లో ఇంజనుకు హద్దు పెట్టారు. "బాహా" అనే పోటీ అమెరికాలో 1976లో మొదలైంది. మనదేశంలో 2007 నుంచి జరుగుతోంది. గతుకులదారిలో నడిచే ఒంటిమనిషి బండిని విద్యార్థులే తయారుచెయ్యాలి. ఎన్నో ఏళ్ళపాటు అక్కడ జట్లన్నిటికీ ఒకే రకం ఇంజను, ఒంటి సిలిండరుది, 10 హార్సుపవర్లది. అందరికీ ఇంజను ఒకటే అయినప్పుడు గెలుపోటములు ఎక్కడ తేలుతాయి? గేర్లలో, చట్రంలో, బిగింపులో, బుర్రలో.

విడదీయకండి

ఇంజను ఏదైనా దాని సొంత గేరుబాక్సును దానితోనే ఉంచడం మంచిదని నా సలహా. ఒక ఇంజనుకు మరో బండి గేరుబాక్సు తగిలించాలంటే రెండింటి మధ్య ఒక పలక కోయించాలి. రెండు షాఫ్టుల కేంద్రాలు ఒకే సరళరేఖమీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బేరింగులు అరిగిపోతాయి, క్లచ్ పాడవుతుంది. ఫ్యాక్టరీ ఎంతో జాగ్రత్తగా కుదిర్చినదాన్ని మనం విప్పి మళ్ళీ ఎందుకు కుదర్చాలి?

మోటారుసైకిలు ఇంజను చాలామందిని ఊరిస్తుంది. తేలిక, చవక, గేరుబాక్సు దానిలోనే ఉంటుంది. కాని మూడు చిక్కులున్నాయి. మొదటిది, మామూలు మోటారుసైకిలుకు రివర్స్ గేరు ఉండదు. ఫోర్డు బండికి లేనిదే దీనికీ లేదు! రెండోది, గాలితో చల్లబడే ఇంజను సీటు వెనక మూలకు చేరితే దానికి ఎదురుగాలి అందదు. ఫ్యాను పెట్టకపోతే ఉడికిపోతుంది. మూడోది, గొలుసుతో ఒకే ఇరుసును తిప్పితే మలుపులో చిక్కు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటే ఏదో ఒక టైరు నేలమీద ఈడ్చుకుపోతుంది. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్.

ఆటో కట్టలో ఈ మూడింటికీ జవాబుంది. రివర్స్ ఉంది, డిఫరెన్షియల్ ఉంది, కూర్చున్నచోటనే ఇంజనును చల్లబరిచే ఏర్పాటు ఉంది. అది చూడ్డానికి గొప్పగా ఉండదు, నిజమే. కాని మన లెక్కకు సరిపోయింది అదే.

బిగింపులోనే ఉంది ప్రాణం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. న్యూటన్ మూడో నియమం మీకు కంఠతా వచ్చు. ఇంజను చక్రాన్ని ఒకవైపు తిప్పితే, అది తాను రెండోవైపు తిరగాలని చూస్తుంది. తిరగకుండా పట్టుకునేవి మౌంటింగులు. మన మెకానిక్కులు వీటినే ఫౌండేషన్లు అని కూడా అంటారు.

ఎంత బలంతో పట్టుకోవాలి? "ఇంజను టార్కు 20 న్యూటన్ మీటర్లే కదా, మౌంటింగులు అర మీటరు దూరంలో ఉంటే 40 న్యూటన్లు, అంటే నాలుగు కిలోల బరువు, ఏముంది?" అనుకుంటారు చాలామంది. ఇక్కడే మోసపోతారు. ఆటో కట్టవంటి దానిలో గేర్లు, డిఫరెన్షియల్ ఇంజనుతోనే ఉన్నాయి. కాబట్టి ఆ కట్ట మీద పడే ప్రతిచర్య ఇంజను టార్కు కాదు, చక్రాల టార్కు. నేల ఒప్పుకున్న 1080 న్యూటన్లను పావు మీటరుతో గుణిస్తే 270 న్యూటన్ మీటర్లు. అర మీటరుతో భాగిస్తే 540 న్యూటన్లు. ఒక మౌంటింగును 54 కిలోల మనిషి ఎక్కి తొక్కినట్టు, రెండోదాన్ని అంతే బలంతో పైకి లాగినట్టు! క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ఇంకా ఎక్కువ. ఆ పైన ఇంజను సొంత బరువు, గతుకుల కుదుపులు ఉండనే ఉన్నాయి. అందువల్ల లెక్క తేలినదానికి రెండు మూడు రెట్లు మోసేలా బిగించాలి.

గొలుసు వాడితే వేరే లెక్క. ఇరుసుమీది పళ్ళచక్రం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే, అదే 270 న్యూటన్ మీటర్లకు గొలుసు లాగుడు 2700 న్యూటన్లు. 270 కిలోల బరువు వేలాడదీసినట్టు ఇంజను ఇరుసువైపు లాగబడుతుంది. అక్కడ మెత్తటి రబ్బరు పెడితే ఇంజను జరిగి, గొలుసు వదులై, పళ్ళమీంచి జారిపోవచ్చు. అటువంటిచోట గట్టి బిగింపు లేదా ఇంజనుకూ ఇరుసుకూ మధ్య ఒక ఇనుప ఆసరా కడ్డీ తప్పనిసరి.

మరి రబ్బరు ఎందుకు? ఒంటి సిలిండరు ఇంజను వణుకుతుంది కాబట్టి. నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంటే సెకనుకు 25 కుదుపులు. మీరు ఉయ్యాల ఊపేటప్పుడు దాని సహజ పౌనఃపున్యానికి సరిగ్గా కలిసేలా తోస్తే ఉయ్యాల ఆకాశానికి లేస్తుంది. దీన్నే అనునాదం అంటాం. రబ్బరుమీద కూర్చున్న ఇంజను కూడా ఒక ఉయ్యాలే. దాని సహజ పౌనఃపున్యం ఇంజను కుదుపులతో కలిసిందా, వెల్డింగులు చీలతాయి, బోల్టులు వదులవుతాయి. ఇక్కడ ఒక అందమైన లెక్క ఉంది. ఇంజను బరువుకు రబ్బరు 4 మిల్లీమీటర్లు కుంగితే ఆ ఉయ్యాల పౌనఃపున్యం సెకనుకు సుమారు 8. ఒక్క మిల్లీమీటరే కుంగితే సుమారు 16. 25కు దూరంగా ఉండేది ఏది? 8. ఒక స్కేలుతో కొలిచే కుంగుబాటు వణుకు రహస్యం చెప్పేస్తుంది! నిలిచి ఉన్న ఆటోను డ్రైవరు ఆపుచేసినప్పుడు చూడండి. ఇంజను వేగం తగ్గుతూ ఆ పౌనఃపున్యం మీదుగా దిగేటప్పుడు బండంతా ఒక్కసారి దడదడలాడి ఆగుతుంది.

వీటితోపాటు ఇంకో మూడు సంగతులు. కూర్చునేవాడికీ ఇంజనుకూ మధ్య రేకు గోడ ఉండాలి. పెట్రోలు ట్యాంకు వేడి సైలెన్సరుకు దూరంగా ఉండాలి. ఇంజనును ఆపే స్విచ్చి ఒకటి లోపలివాడి చేతికి, ఒకటి బయటివాడి చేతికి అందాలి. బాహా పోటీలో రేకు గోడ, రెండు స్విచ్చిలు లేని బండిని పరీక్షకులు దారిమీదికే రానివ్వరు.

రెండు అభ్యంతరాలు

"ఇప్పుడు కరెంటు కార్లు వస్తున్నాయి, ఈ గోల ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కరెంటు మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే పూర్తి టార్కు ఇస్తుంది. క్లచ్ అక్కరలేదు, చాలావాటికి ఒకే గేరు నిష్పత్తి చాలు. వణుకూ తక్కువే. కాని నేల పట్టు మారదు, గాలి అడ్డు మారదు, న్యూటన్ మూడో నియమం అసలే మారదు. ఆ మోటారునూ బిగించాలి. బరువైన బ్యాటరీలనూ బిగించాలి. కాబట్టి ఈ లెక్క పాతబడదు.

రెండో అభ్యంతరం పెద్దలది: "ఈ వయసులో పిల్లలకు కార్ల తయారీ ఎందుకు?" దీనిలో సగం న్యాయం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేని బండి రోడ్డెక్కకూడదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారు కారు నడపకూడదు. 2019లో వచ్చిన సవరణ ప్రకారం పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. 2025 నవంబరు 3న ఇదే రోడ్డుమీద, చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర, కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీలో తయారై, పరీక్షలన్నీ దాటిన బండ్లకే రోడ్డు అంత ప్రమాదం. ఇంట్లో చేసిన బండికి అక్కడ చోటులేదు. దాని చోటు కంచె వేసిన మైదానం, పక్కన తెలిసిన పెద్దవారు.

మిగతా సగం మాత్రం నేను ఒప్పుకోను. లెక్క వెయ్యడానికి లైసెన్సు అక్కరలేదు, పెట్రోలూ అక్కరలేదు. ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. మీ సైకిలు పెడలు దగ్గరి పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళు, వెనక చక్రానికి ఎన్ని పళ్ళు? లెక్కపెట్టి నిష్పత్తి రాయండి. మీ ఊరి మెకానిక్ అన్నను అడిగి, పనిలేని వేళ ఒక ఆటో ఇంజను మౌంటింగులు ఎన్ని ఉన్నాయో, ఏ దిక్కుకు ఉన్నాయో బొమ్మ గీయండి. రబ్బరు ఎందుకు చిట్లిందో ఆయన్నే అడగండి. పుస్తకంలో దొరకని జవాబులు ఆయన దగ్గర దొరుకుతాయి.

ఉపాధ్యాయులకు, సైన్సు ప్రదర్శనల న్యాయనిర్ణేతలకు కూడా ఒక మనవి. ఎవరైనా విద్యార్థి ఒక బండి చేసి తెస్తే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎంత స్పీడు పోతుంది?" ఆ ఒక్క ప్రశ్నతో వాడికి పెద్ద ఇంజను ఆశ పుట్టిస్తున్నాం. దానికి బదులు "దీని మౌంటింగుమీద ఎంత బలం పడుతుంది? లెక్క చూపించు" అని అడుగుదాం. మార్కుల్లో సగం బండికి, సగం నోటుపుస్తకానికి ఇద్దాం. రెండేళ్ళు అలా చేస్తే మన పిల్లల బండ్లు ఎలా మారతాయో చూడవచ్చు.

ఇక మీ పని. పైన నేను 300 కిలోల కారుకు లెక్క వేశాను. మీరు ఇద్దరు మనుషులు కూర్చునే 400 కిలోల కారుకు అదే గట్టు, అదే వేగంతో లెక్క వెయ్యండి. వెనక చక్రాలమీద 240 కిలోలు పడతాయనుకోండి. 10 హార్సుపవర్లు సరిపోతాయా? నేల ఎంతకు ఒప్పుకుంటుంది? మౌంటింగు మీద పడే బలమెంత? లెక్క తేలాక ఆ కాగితం మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఇంజను సంగతి ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.